మూసీ వెంట మూడు రోజులు, 250 రూపాయల గ్రీన్ ఫీజు

ముందే చెప్పేస్తున్నా, అనంతగిరి కొండల మీద నాకే కోపమూ లేదు. కోపమంతా మేం దిగిన రిసార్టు మీద.

మా అత్తయ్యది సూర్యాపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు మూసీ ఇసుకలో చెలిమ తవ్వుకుని ఆ నీళ్లే తాగేవాళ్లమని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అనంతగిరి కొండల్లో ఆ ఏరు పుట్టిన చోటు చూడాలని ఆవిడ కోరిక. సరే, అక్కడి నుంచి కృష్ణలో కలిసే వాడపల్లి దాకా వెళ్లొద్దామని ఫిబ్రవరిలో బయల్దేరాం. సొంత కారు, పెట్రోలు మొత్తం 3,400. అత్తయ్య ఓ రాగి చెంబు వెంట తెచ్చుకున్నారు, మూసీ నీళ్లు పట్టుకుని పూజ గదిలో పెట్టుకోవాలని.

వికారాబాద్ దాకా రోడ్డు బాగుంది. పద్మనాభస్వామి దర్శనం పది నిమిషాల్లో అయింది.

ఇక రిసార్టు. గది 4,200, అదనపు పరుపుకి 800, బిల్లు చివర ‘గ్రీన్ ఫీజు’ అని ఓ 250. గది శుభ్రంగానే ఉంది, అబద్ధం చెప్పను. పొద్దున్నే అత్తయ్య వెనకవైపు సన్నగా పారుతున్న వాగులో చెంబు ముంచుకుని, మూతికి గుడ్డ కట్టుకుని వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. కాసేపటికి నేను అటే నడకకి వెళ్తే సబ్బు వాసన తగిలింది. నాలుగడుగులు పైకెళ్లి చూద్దును కదా, పొదల చాటున ఓ ప్లాస్టిక్ పైపు, అందులోంచి బూడిదరంగు నీళ్లు నేరుగా వాగులోకి. పక్కనే సెప్టిక్ ట్యాంకు మూత పగిలి పొంగుతోంది. అత్తయ్య చెంబు ముంచింది దానికి దిగువనే.

మేనేజర్ని అడిగితే ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. “కొంచెమే కదా మేడమ్, మట్టి లాగేసుకుంటది. మిగిలింది వానాకాలంలో కొట్టుకుపోతది.” ఎక్కడికి కొట్టుకుపోతుంది? ఈ ఏరు పోయేది హైదరాబాద్ గండిపేట చెరువుకే. ఆ నీళ్లు తాగిన ఊరు మాది. గ్రీన్ ఫీజు దేనికని అడిగితే “మొక్కలకి” అన్నాడు. తిరిగివ్వమంటే ఈమెయిల్ పెట్టమన్నాడు. మా ఆయన “వదిలేయ్, మూడ్ పాడుచేసుకోకు” అంటూ బ్యాగులు సర్దేశారు. ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

అనంతగిరికి తప్పక వెళ్లండి, కానీ వికారాబాద్ ఊళ్లోనే గది తీసుకోండి. కొండ మీదే ఉండాలనుకుంటే, డబ్బు కట్టేముందు వెనక్కెళ్లి పైపులు ఎక్కడ తేలుతున్నాయో చూడండి.

రెండో రోజు నగరం గుండా వచ్చాం. 1908 వరద తర్వాత కట్టిన రెండు జలాశయాలు, 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్, పైనుంచి వచ్చే మంచినీళ్లని ఆపేస్తాయి. గేట్లు ఎత్తని రోజుల్లో నగరంలో పారేది మన బాత్రూముల నీళ్లూ, వంటింటి నీళ్లూ, ఫ్యాక్టరీలు వదిలేవీ. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం ఉన్నా, నాగోలు వంతెన మీద కారు అద్దాలు దించలేకపోయాం. అది కుళ్లిన గుడ్ల కంపు. మురుగుని తినే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్ మొత్తం వాడేసుకున్నాక హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, ఆ వాసనే. స్నానానికి పనికిరావాలంటే లీటరు నీటిలో కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని మన దేశ ప్రమాణం.

ప్రతాపసింగారం వైపు కత్వ (ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దగ్గర ఆగితే దూది పరిచినట్టు నురగ. బట్టల సబ్బుల్లోని రసాయనాలు నీళ్లు కిందికి దూకేచోట ఇలా పొంగుతాయి. ఒడ్డంతా ఆ నీళ్లతోనే పెరిగిన గడ్డి, మోపులు కట్టి పశువులకి అమ్ముతున్నారు. నీళ్లు కదలని చోట గుర్రపుడెక్క. మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ దానికి ఎరువే మరి. అత్తయ్య ఒక్క మాటా మాట్లాడలేదు, చెంబు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారు. నేనింకా పైపు సంగతి చెప్పలేదు.

రాత్రికి మిర్యాలగూడలో 1,100 రూపాయల లాడ్జి. వేడినీళ్లు, ఉతికిన దుప్పట్లు, పలకరించే మనుషులు. ఈ యాత్రలో డబ్బుకి న్యాయం జరిగింది ఒక్కచోటే.

మర్నాడు పొద్దున్నే వాడపల్లి. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. ఒకటి కదలదు, స్వామి ముక్కు ఎత్తున ఉన్నది రెపరెపలాడుతుంది, ఆయన ఊపిరికేనట. అత్తయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డారు. అగస్త్యేశ్వరుడి గుడి కూడా చూసుకుని సంగమం దగ్గరికి దిగాక, చెంబులో సగం కృష్ణలో కలిపి సగం ఇంటికి తీసుకెళ్తానన్నారు. ఇక దాచలేక చెప్పేశాను.

“నిన్న పొద్దుననే తెలుసా నీకు?” అన్నారు. తలూపాను. మా ఆయన నా వైపు చూసి అటు తిరిగిపోయారు.

ఆవిడ నదిలో పోయలేదు. మెట్లెక్కి, రోడ్డు పక్కన వేపచెట్టు మొదట్లో చెంబు వంచేసి, కొంగుతో తుడిచి కారెక్కారు. ఆ 250 కోసం ఈమెయిల్ మూడుసార్లు పెట్టాను, ఇంకా జవాబు లేదు.