చరోయిట్ పతకం: ఏళ్ల తరబడి ధరించిన తర్వాత

బరంపురం నగల దుకాణాల్లో ఊదా రంగు రాయి కావాలంటే సాధారణంగా అమెథిస్ట్‌నే తీసి చూపుతారు. నేను ధరిస్తున్నది అది కాదు. చరోయిట్ అనే ఈ రాయి ప్రపంచం మొత్తం మీద ఒక్క చోట, సైబీరియాలో చారా నదికి చేరువలో ఉన్న మురున్ కొండల ప్రాంతంలో మాత్రమే దొరుకుతుంది. ఒకే పలక నుంచి కోసిన రెండు బిళ్లలను జైపూర్‌లో కొని, ఒకదానిని నా గొలుసుకు పతకంగానూ, రెండవదానిని పర్లాకిమిడిలో ఉంటున్న మా చెల్లెలికి ఉంగరంగానూ చేయించాము. రెండూ పదేళ్లకు పైగా నిత్యం వాడుకలో ఉన్నందువల్ల ఈ రాయి దేనికి తట్టుకుంటుందో, దేనికి తట్టుకోలేదో పక్కపక్కన పెట్టి చూడగలిగాను. పతకానికి, చెవిదుద్దులకు ఇంతకంటే అందమైన ఊదా రాయి నాకు తెలియదు. రోజంతా పనిచేసే చేతికి మాత్రం ఇది తగదు.

అందం రంగులో ఒక్కదానిలోనే లేదు. లేత ఊదా నుంచి నేరేడు రంగు వరకు ఎన్నో ఛాయలు సుడులుగా కలిసిపోయి ఉంటాయి. ఖనిజం సన్నని నారల కట్టలుగా ఏర్పడడం, ఆ కట్టలు వేర్వేరు దిక్కులకు వంపు తిరిగి ఉండడం ఇందుకు కారణం. బరంపురం పట్టుచీర మడతను వెలుతురులో తిప్పినప్పుడు నిగారింపు ఒక చోటి నుంచి మరొక చోటికి జరిగినట్లే, రాయిని కొద్దిగా వంచితే మెరుపు సుడి వెంట కదులుతుంది. నా బిళ్లలో ఒక మూల బంగారు నారింజ రంగు మచ్చ ఉంది. అది టినాక్సైట్ అనే వేరే ఖనిజం. మధ్యలో ఉన్న నల్లని సూదుల వంటి గీతలు ఏగిరీన్ అనే మరో ఖనిజం. కొందరు వీటిని దోషాలుగా చూస్తారు గానీ, నా దృష్టిలో రాయి అసలుదనడానికి మొదటి సాక్ష్యం ఇవే. గవ్వలా నునుపైన ఒకే ఊదా రంగుతో, ఒకే వరుసలో సాగే చారలతో పూసలన్నీ ఒక్కలాగే కనిపిస్తే, ముట్టుకుంటే చల్లదనం లేకపోతే, చేతిలో మరీ తేలికగా అనిపిస్తే ఆ దండను కొనకపోవడమే మేలు.

పొటాషియం, కాల్షియం, సోడియం ఉన్న సిలికేట్ ఖనిజం ఇది. క్షార ధాతువులు అధికంగా ఉన్న శిలాద్రవం సున్నపురాతిలోకి చొచ్చుకువచ్చినప్పుడు, ఆ రెండింటి మధ్య జరిగిన రసాయనిక మార్పుల వల్ల ఏర్పడిందని భూగర్భ శాస్త్రవేత్తలు వివరిస్తారు. ఊదా రంగు మాంగనీసు వల్ల వచ్చింది. ప్రత్యేక ఖనిజంగా దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేసింది 1978లో.

ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే ఈ రాయి చుట్టూ అల్లుకున్న నమ్మకాలను తూచడానికి అదే ఆధారం. మా ప్రాంతంలో తెలుగువారైనా ఒడియావారైనా ఊదా రాయిని చూడగానే శని దోష నివారణకా అని అడుగుతారు. నీలానికి బదులుగా అమెథిస్ట్‌ను ఉపరత్నంగా ధరించే ఆచారం ఉంది గనుక ఆ ప్రశ్న సహజమే. కొందరు వ్యాపారులు అదే వరుసలో చరోయిట్‌ను కూడా పురాతన గ్రహరత్నంగా చెప్పి అమ్ముతున్నారు. నవరత్నాలలో ఇది లేదు. నిన్నమొన్న వెలుగు చూసిన సైబీరియా రాయి మన పాత రత్నశాస్త్రాలలో ఉండే అవకాశమే లేదు. భయాన్ని పోగొడుతుందని, దిండు కింద పెట్టుకుంటే చెడు కలలు రావని చెప్పే మాటలు కూడా ఇటీవలి స్ఫటిక చికిత్సవారి నుంచి వచ్చినవే. నమ్మకం ఎవరిది వారికి ఉండవచ్చు, కానీ ఆ మాటకు అదనపు ధర చెల్లించవలసిన పని లేదు. రాయిని నానబెట్టిన నీటిని తాగమనే సలహాను మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాను. ఇది అనేక ఖనిజాలు కలిసిన రాయి, మందు కాదు.

ఇక సంరక్షణ. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు సూచించే మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 5 నుంచి 6 వరకు ఉంటుంది. ఇంట్లో పేరుకునే దుమ్ములో ఉండే ఇసుక రేణువుల కాఠిన్యం 7. అంటే దుమ్ము పట్టిన రాయిని పొడిగుడ్డతో గట్టిగా తుడవడమే దానిని అరగదీయడం. నేను ముందుగా గోరువెచ్చని నీటిలో ముంచి దుమ్ము వదిలేలా చేసి, పలుచని కుంకుడు రసంతో వేలి కొసన రుద్ది, మంచినీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్దుతాను. అంతకు మించి ఏమీ అక్కరలేదు. ఇన్నేళ్లలో రంగు వెలిసిపోలేదు.

అసలు చిక్కు రాయితో కాదు, దాని చుట్టూ ఉన్న వెండితో. గోపాలపురం సముద్రం చేరువలో ఉండడం వల్ల మా ఊరి తేమ గాలికి వెండి త్వరగా నల్లబడుతుంది. అప్పుడు ఇంట్లో పెద్దవారు చింతపండో, విభూతో అందుకుంటారు. వెండికి అవి మంచివే, చరోయిట్‌కు కావు: పులుపు మెరుగును తినేస్తుంది, విభూతి గీతలు పెడుతుంది. అందుకే కటక్ తీగపని చుట్టూ వచ్చేలా కాకుండా, నున్నని వెండి అంచులో రాయిని పొదిగించాను. తీగపని ఎంత ముచ్చటగా ఉన్నా దాని సందుల్లో చేరిన మసిని వదిలించాలంటే రాయిని తాకక తప్పదు. అతుకు వేయవలసి వస్తే కంసాలి ముందుగా రాయిని విప్పి తీయాలి, ఎందుకంటే మంట వేడికి ఇది పగులుతుంది. దుకాణాల్లో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలోనూ, ఆవిరిలోనూ పెట్టనివ్వకూడదు.

పతకం ఈనాటికీ మొదటి మెరుపుతోనే ఉంది. ఉంగరం సంగతి వేరు. బియ్యం కడగడం, గిన్నెలు తోమడం, తలుపు గడియలకు తగలడం వంటి మామూలు పనులతోనే కొన్నేళ్లలో దాని పైభాగం పొగచూరిన అద్దంలా మారింది, అంచు దగ్గర చిన్న పెచ్చు కూడా లేచింది. విశాఖపట్నంలో మళ్లీ సానపట్టించాము. వేర్వేరు కాఠిన్యం గల ఖనిజాలు ఒకే బిళ్లలో ఉన్నందువల్ల మెత్తని భాగం ముందుగా అరిగి, ఏగిరీన్ సూదులు ఉన్న చోట ఉపరితలం కొద్దిగా ఎత్తుగా మిగిలింది. సుడుల మెరుపు చాలావరకు తిరిగి వచ్చింది గానీ బిళ్ల పలుచబడింది, రెండవసారి సానకు ఆగదని పనివాడు చెప్పాడు. చెల్లెలు ఇప్పుడు దానిని ఉంగరం నుంచి తీయించి, సన్నని గొలుసుకు లోలకంగా మార్పించుకుంది.