ఐదేళ్లు వాడిన 10×50 బైనాక్యులర్స్: నా అనుభవం

2020 డిసెంబర్ 21 సాయంత్రం గురుడు, శని ఆకాశంలో దాదాపు ఒకే చుక్కలా కనిపించారు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. కోవిడ్ వల్ల బడి లేదు. ఆ కలయిక చూడాలని నెల రోజులు నాన్న వెంటపడితే, టెలిస్కోపు బదులు 10×50 బైనాక్యులర్స్ కొనిచ్చారు. ధర ఆరున్నర వేలు. టెలిస్కోపు కాదని ఆ రోజు నాకు దిగులు వేసింది. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఆకాశం చూడడం మొదలుపెట్టే పిల్లలకు ముందుగా కొనిపెట్టవలసింది ఇదేనని గట్టిగా నమ్ముతున్నాను.

10 అంటే వస్తువును పది రెట్లు పెద్దదిగా చూపుతుందని, 50 అంటే ముందున్న కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లని అర్థం. మామూలుగా అందరూ మొదటి అంకెనే చూసి కొంటారు. ఆకాశానికి రెండోదే ముఖ్యం, ఎందుకంటే ఎంత వెలుగు పోగవుతుందో చెప్పేది అదే. నా దానిలో ఒకేసారి ఆరున్నర డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది, అంటే నిండు చందమామలను పదమూడింటిని వరసగా పేర్చినంత. అంత వెడల్పు ఉండబట్టే కొత్తవాళ్లు వెతుకుతున్న చుక్కను తప్పిపోకుండా పట్టుకోగలుగుతారు.

మొదటి వారం మాత్రం విసుగు పుట్టింది. బరువు ముప్పావు కిలో పైనే, చేతులు వణికితే చుక్కలన్నీ గీతలైపోయేవి. దీనికి మందు అమ్మమ్మ ఊళ్లో దొరికింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో మా అమ్మమ్మ ఇంటి డాబా మీద నవారు మంచం వేసుకుని వెల్లకిలా పడుకుంటే, మోచేతులు పక్కలకు ఆనుకుని బొమ్మ నిలకడగా నిలుస్తుంది. ఇప్పటికీ స్టాండు వాడేది తక్కువ, మంచం వాడేదే ఎక్కువ.

2022 సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. ఊరంతా చీకటి. నడినెత్తికి దగ్గరగా కృత్తికలు ఉన్నాయి. అమ్మమ్మ వాటిని చూపించి, "అదే పిల్లలకోడి" అంది. మామూలు కంటికి ఆరు చుక్కలు లెక్కపెట్టాను. బైనాక్యులర్స్ పెడితే నీలి తెలుపు రంగులో నలభై దాకా వచ్చి ఆ తర్వాత లెక్క తప్పింది. అమ్మమ్మకు అంతకుముందు ఏడాదే కంటి శుక్లం ఆపరేషన్ అయింది. ఆమె కంటికి తగ్గట్టు కుడి కటకం తిప్పి ఇచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "ఇన్ని పిల్లలుంటే తల్లి ఏదే?" అని అడిగింది. అవన్నీ అంతరిక్షంలోని ఒకే వాయుధూళి మేఘంలోంచి పుట్టిన తోబుట్టువులనీ, ఆ వెలుగు మన దగ్గరికి రావడానికి 440 ఏళ్లు పడుతుందనీ చెప్పాను. "అంటే మా ముత్తాతల ముత్తాతల నాటిది" అంటూ మళ్లీ చూసింది.

పెళ్లిలో చూపించే అరుంధతిని నేను మొదటిసారి సరిగా గుర్తుపట్టింది కూడా ఆ డాబా మీదే. వశిష్ఠుడు, అరుంధతి బైనాక్యులర్స్‌లో స్పష్టంగా విడిపోతారు. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర కలిసి చేసే చతురస్రం మూల నుంచి చుక్క చుక్కా పట్టుకుని వెళ్తే ఆండ్రోమెడా గెలాక్సీ వస్తుంది. కనిపించేది కోలగా ఉన్న మసక మచ్చ మాత్రమే. దాని దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలని తెలిసి చూస్తే మాత్రం ఆ మచ్చ మీద నుంచి కన్ను తిప్పుకోలేరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని 2023 నవంబర్‌లో చేశాను. గురుడి చుట్టూ ఉన్న నాలుగు పెద్ద చందమామలను పదిహేడు రాత్రుల పాటు గమనించి నోటుపుస్తకంలో చుక్కలు పెట్టాను. మధ్యలో మూడు రాత్రులు మబ్బు పట్టింది. 1610 జనవరిలో గెలీలియో చూసినవి ఇవే నాలుగు. గురుడికి బాగా దగ్గరగా తిరిగే ఐఓ ఆ కాంతిలో మునిగిపోయి నాకు దాదాపు దొరకలేదు. దూరాన ఉండే కాలిస్టో మాత్రం ఒక పక్క నుంచి రెండో పక్కకు వెళ్లి పదిహేడో రాత్రికి దాదాపు మొదటి చోటికే వచ్చింది. పుస్తకంలో దాని పరిభ్రమణ కాలం 16.7 రోజులు. నా చుక్కలతో సరిపోయింది! ఆ రాత్రి సంతోషం పట్టలేక అమ్మను నిద్ర లేపాను.

2024 అక్టోబర్‌లో త్సుచిన్షాన్-అట్లాస్ తోకచుక్కను కూడా దీనితోనే పడమట చూశాను. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో చదువుతూ ఒక తోకచుక్కను కనిపెట్టిన వారిలో ఒకరు. నా పక్కింటి పిల్లలకు ఆ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

శని వలయాలు కావాలంటే ఇది చాలదు. శని కాస్త సాగిన చుక్కలా ఉంటుంది, అంతే. చంద్రుడు మాత్రం ఎప్పుడూ నిరాశపరచడు. పున్నమి నాడు కాక, అష్టమి ప్రాంతంలో చూడండి. వెలుగు చీకట్లు కలిసే గీత వెంట బిలాల నీడలు పొడవుగా పరుచుకుని ఉంటాయి.

లోపాలు కూడా చెప్పాలి. రెండో వానాకాలంలో సంచిలోనే ఉంచేయడంతో కుడి కటకం లోపల సాలెగూడులా బూజు పట్టింది. శుభ్రం చేయించిన చోట లోపలి పట్టకం కదిలిపోయి ప్రతి చుక్కా రెండుగా కనిపించింది, చూస్తే తలనొప్పి. సరిచేయడం తమ వల్ల కాదన్నారు. మరో మెకానిక్ దగ్గర పన్నెండు వందలు పెట్టాక గాని కుదుటపడలేదు. అప్పటి నుంచి మూత బిగుతుగా ఉండే డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో పెడుతున్నాను. కంటి దగ్గరి రబ్బరు చీలింది, మెడ పట్టీ మార్చాను.

కొనేవాళ్లు దుకాణంలోనే ఒక పరీక్ష చేయాలి. బైనాక్యులర్స్‌ను వెలుగు వైపు చాచి పట్టుకుని కంటికి ఆనించే కటకాల్లోకి దూరం నుంచి చూడండి. కనిపించే వెలుగు బిళ్ల నిండు గుండ్రంగా ఉండాలి. అంచులు నలుపలకలుగా కోసినట్టుంటే లోపలి పట్టకం నాసిరకం. వంద రెట్లు, నూట ఎనభై రెట్లు చూపుతుందని రాసి ఉన్న వాటి జోలికి వెళ్లకండి. చేతిలో పట్టుకుంటే వాటిలో ఏదీ నిలవదు. పిల్లల చేతికి ఇచ్చేముందు సూర్యుడి వైపు తిప్పకూడదని ఒకటికి పదిసార్లు చెప్పండి. క్షణంలో చూపు పోతుంది.

2026 సంక్రాంతికి గురుడు పునర్వసు నక్షత్రాల దగ్గర రాత్రంతా కనిపిస్తాడు. అమావాస్య దగ్గరపడుతుంది కాబట్టి సాయంత్రాలు చీకటిగానే ఉంటాయి. మా పిన్ని కొడుకు ఆరో తరగతి. ఈసారి మంచం మీద వాడు పడుకుంటాడు, నోటుపుస్తకం నేను పట్టుకుంటాను.