జాగ్రత్త: కొత్తదని చెప్పి వాడేసిన వాచ్ మూమెంట్ పంపినారు, 5,400 పోయింది

వాచ్ పార్ట్స్ ఆన్‌లైన్‌లో తెప్పించుకునే అన్నలూ తమ్ముళ్ళూ, ఇది చదివినాకే డబ్బు కట్టండి. పేరు రాయను. వాట్సాప్‌లో లిస్టు పెట్టి మూమెంట్లు (వాచ్‌ని నడిపించే లోపలి యంత్రాలు), డయళ్ళు, ముళ్ళు అమ్మే ఆ పేజీ మనలో సగం మందికి తెలుసు, నేను కూడా వేరేవాళ్ళు బాగుందంటేనే పోయినా. నిన్న సాయంత్రం నుంచి అన్నం తినబుద్ధి కాలేదు.

నాది అనంతపురం, లేత్ షాపులో పని. రాయల్ ఓక్ వాచ్ అంటే నాకు పిచ్చి. 1972లో వచ్చింది, ఓడెమార్ పిగే వాళ్ళది, జెరాల్డ్ జెంటా గీసిన డిజైన్, ఎనిమిది మూలల బెజెల్, అంటే అద్దం చుట్టూ ఉండే పట్టీ, దాని మీద ఎనిమిది బోల్టులు. ఇప్పుడు కొనాలంటే ఇరవై లక్షలు దాటుతుంది, నా జీతంతో అయ్యే పని కాదు, అందుకే నేనే చేసుకుందామని దిగినా. డయల్ మీద వాళ్ళ పేరు వేసుకొని డూప్లికేట్ తిరిగే ఆలోచన లేదు, ఆ రూపం నా చేతులతో తేవాల, అంతే. 316ఎల్ అనే తుప్పు పట్టని స్టీల్ రాడ్డు తెచ్చుకొని షాపు మూసినాక రాత్రిపూట కూర్చొని ఐదు నెలలు చేసినా.

ఆ బోల్టుల సంగతి చెప్పకుండా ఉండలేను. మామూలు స్క్రూ బిగిస్తే తల మీది గాటు ఎటు ఆగితే అటు ఆగుతుంది కదా, ఒరిజినల్‌లో ఎనిమిది గాట్లూ బెజెల్ చుట్టూ ఒకే వరసలో తిరిగి ఉంటాయి. ఎందుకంటే అవి పైనుంచి తిప్పే స్క్రూలు కావు, ఆరు మూలల తల ఉండే బోల్టులు, తల పోయి బెజెల్‌లో ఆరు మూలల గుంతలో కూర్చుంటుంది, కదలదు, బిగించేది వెనకనుంచి. నేనూ అట్లనే చేసినా. ఒక్కో గుంత సన్న ఆకురాయితో రుద్దుకుంటా పోతే రెండు బెజెళ్ళు పాడైపోయి మూడోది కుదిరింది. అది కుదిరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫొటోలు తీసి ఆ అమ్మేటాయనకే మొదట పంపినా. 'సూపర్ బ్రదర్, మా కస్టమర్ చేసినాడని పేజీలో పెట్టుకుంటా' అన్నాడు, పెట్టుకోమన్నా. ఆ సంతోషంలోనే సీకో కంపెనీ ఎన్‌హెచ్35 అనే ఆటోమేటిక్ మూమెంట్, అంటే చేతి కదలికకే చావి ఎక్కేది, ఆర్డర్ ఇచ్చినా. అరుగు తగ్గించే చిన్న రాళ్ళు (జువెల్స్) 24, గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది, పూర్తిగా చావి ఉంటే 41 గంటలు నడుస్తుంది, నా కేసు (వాచ్ బయటి గూడు) లోపల దాని 27.4 మిల్లీమీటర్ల కొలతకే తీసి పెట్టుకున్నా. డెలివరీ అప్పుడు కడతానంటే 'మూమెంట్లకి అది లేదు బ్రదర్, నమ్మకం ఉంటేనే తీసుకోండి' అన్నాడు. నమ్మి యూపీఐలో నేరుగా పంపించినా.

పార్సెల్ వచ్చింది, డబ్బాకి సీల్ లేదు, అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. తెరిచేటప్పుడు వీడియో కూడా తీయలేదు. అది పూర్తిగా నా తప్పే, ఐదు నెలలు ఓపిక పట్టినోణ్ణి ఐదు నిమిషాలు పట్టలేకపోయినా.

కొత్త మూమెంట్‌తో స్టెమ్ పొడుగ్గా వస్తుంది, అంటే కీ తిప్పే బొడిపెకి తగిలించే సన్న పుల్ల, మన కేసు కొలత చూసుకొని మనమే కత్తిరించుకోవాల. నాకు వచ్చినదానికి ముందే కత్తిరించి ఉంది! కేసు గోడ దాటి బయటికే రాలేదు. టవర్ క్లాక్ దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోతే కంటికి అద్దం పెట్టుకొని ఒక్క నిమిషం చూసి 'యాడ తెచ్చినావప్పా ఇది, దీన్ని ఎవరో రెండు మూడు సార్లు విప్పినారు, స్క్రూల తలలు చూడు ఎట్ల గీసుకుపోయినాయో' అన్నాడు. ముళ్ళు తగిలించి నడిపిస్తే రోజుకి ఆరు నిమిషాలు వెనకబడుతోంది. ఈ మూమెంట్‌కి కంపెనీ చెప్పే లెక్క రోజుకి 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు దాకా.

అక్కడినుంచే ఫోన్ చేసినా, పెద్దాయన పక్కనే ఉన్నాడు, స్పీకర్‌లో పెట్టినా. మర్యాదగానే అడిగినా, అన్నా ఇది వాడిన మూమెంట్, మార్చి ఇవ్వండి అని. 'స్టెమ్ నువ్వే కోసుకున్నావు, స్క్రూలు నువ్వే పాడు చేసినావు, ఇప్పుడు నా మీద పెడతావా' అన్నాడు. అంతదాకా బ్రదర్, మీరు. ఒక్క నిమిషంలో నువ్వు అయిపోయినా. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే 'లేత్ మీద ఇనుము కోసుకునేవాళ్ళకి ఆటోమేటిక్ వాచీలు ఎందుకు, పోయి రెండొందల బ్యాటరీ క్వార్ట్జ్ పెట్టుకో' అని పెట్టేసినాడు. మళ్ళీ చేస్తే పోలేదు, బ్లాక్ చేసినాడు. పెద్దాయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు, నాకు అక్కడ నిలబడలేక బయటికొచ్చేసినా. డబ్బు పోయింది, సంపాదించుకుంటా. అదే ఇనుము కోసిన పనిని సూపర్ అని తన పేజీలో పెట్టుకున్న మనిషి నోటినుంచి ఆ మాట వచ్చింది, అది పోవడం లేదు.

ఈరోజు పొద్దున 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టినా, యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు జతచేసినా. మీరు చేయాల్సింది ఇదే, తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి, మొదట స్టెమ్ పొడుగు చూడండి, తర్వాత స్క్రూల తలలు చూడండి, ముందే డబ్బు కట్టమంటే వదిలేయండి.

నా బెజెల్ ఫొటో ఇంకా వాళ్ళ పేజీలో పైనే ఉంది, తీసేయమని అడగడానికి కూడా దారి లేదు. అది చూసి నమ్మి ఎవరైనా ఆర్డర్ పెట్టి ఉంటే ఆపేయండి, స్టెమ్ ఫొటో, స్క్రూల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే పంపిస్తా.