రొయ్యల చెరువు సెలినిటీ మీటర్‌తో సాఫ్ట్ కోరల్ ట్యాంకు: మూడేళ్ళ వాడకం తర్వాత

నెల్లూరు, కావలి, ఒంగోలు ఆక్వా షాపుల్లో మేత బస్తాల వెనక, ప్రోబయోటిక్ డబ్బాల పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో జానెడు గొట్టం, చుక్కలు వేసే ఫిల్లర్, పిల్ల స్క్రూడ్రైవర్. వెనామీ రొయ్యల రైతులు దాన్ని సెలినిటీ (ఉప్పదనం) మీటర్ అంటారు. 0 నుంచి 100 పీపీటీ (కిలో నీళ్ళలో ఎన్ని గ్రాముల ఉప్పు) దాకా గీతలున్న చేతి రిఫ్రాక్టోమీటర్ అది, అంటే నీళ్ళు కాంతిని ఎంత వంచుతాయో చూసి ఉప్పు లెక్క చెప్పేది. సాఫ్ట్ కోరల్, అంటే మెత్తటి పగడాలు, పెంచే 100 లీటర్ల రీఫ్ ట్యాంకు మీద మూడేళ్ళుగా నడుస్తున్నది ఇదే. వస్తువు మంచిదే. సున్నా దగ్గర సెట్ చేసి వాడుకోమని పెట్టెలో పెట్టే కాగితంతోనే తంటా.

చెరువులో సెలినిటీ 12 అయినా 14 అయినా వెనామీ సర్దుకుపోతుంది. సాఫ్ట్ కోరల్ అలా కాదు, 33కీ 35కీ మధ్య ఊగులాడితే ముడుచుకుంటుంది. ఈ మీటర్లలో చాలావాటి గీతలు వట్టి ఉప్పునీళ్ళకు గీసినవి. సముద్రపు నీళ్ళలో మెగ్నీషియం, సల్ఫేట్ లాంటివి కూడా ఉంటాయి కాబట్టి అదే పీపీటీ దగ్గర కాంతిని కాస్త ఎక్కువ వంచుతాయి. ఆర్వో నీళ్ళతో సున్నాకు తెచ్చిన మీటర్‌లో అసలైన 35 పీపీటీ సముద్రపు నీళ్ళు దాదాపు 36.5గా కనిపిస్తాయి. ఎక్కువుందనుకుని 35కు దించితే ట్యాంకులో నిజంగా మిగిలేది 33.5.

అందుకని సున్నాను వదిలేసి 35 దగ్గరే సెట్ చేయాలి. 36.5 గ్రాముల ప్యాకెట్ ఉప్పు, 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటర్, మొత్తం కిలో. ఈ నీళ్ళు 35 పీపీటీ సముద్రపు నీళ్ళంతే కాంతిని వంచుతాయి. ఉప్పును 0.1 గ్రాము చూపే కాటా మీదే తూచాలి, వంటింటి కాటా పనికిరాదు. ఇస్కపల్లి వైపు ఉప్పు కొఠార్ల నుంచి వచ్చే కల్లుప్పు అసలే వద్దు, దాంట్లో తేమ, మెగ్నీషియం ఉంటాయి. ఈ నీళ్ళ రెండు చుక్కలు వేసి, స్క్రూ తిప్పి, నీలం తెలుపు కలిసే గీతను 35 మీదికి తేవాలి. మిగిలింది గట్టి మూత సీసాలో పోసుకుంటే నెలకోసారి సరిచూసుకోవడానికి ఉంటుంది. మూత వదులైతే నీరు ఆవిరై, సరిచూసే నీళ్ళే తప్పు చెబుతాయి.

రెండో చిక్కు మన ఎండలది. మీటర్ మీద ఏటీసీ (వేడికి తగ్గట్టు రీడింగును తానే సర్దేది) అని రాసి ఉన్నా అది సర్దేది 10 నుంచి 30 డిగ్రీల మధ్యే. మే నెల మధ్యాహ్నం నెల్లూరు గదిలో మీటర్ తాకితేనే వేడిగా ఉంటుంది, అప్పటి రీడింగు నమ్మలేం. పొద్దున్నే చూడాలి, లేదా ఏసీ గదిలో అరగంట ఉంచాక చూడాలి. చుక్క వేశాక మూత మెల్లగా వాల్చి 30 సెకన్లు ఆగాలి. గీత అలుక్కుపోయినట్టుంటే లోపల గాలి బుడగ ఉందన్నమాట, లేదా పాత ఉప్పు పొర ఎండి ఉందన్నమాట. ప్రతిసారీ ఆర్వో చుక్కతో కడిగి మెత్తటి నూలు గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. కుళాయి కింద పెట్టి కడిగితే గొట్టంలోకి నీళ్ళు దిగుతాయి.

ఇక పగడాల సంగతి. టోడ్‌స్టూల్ లెదర్ (పుట్టగొడుగులా ఉండే సాఫ్ట్ కోరల్) ముడుచుకుని, పైన మైనం లాంటి పొర కట్టిందంటే చాలాసార్లు అది జబ్బు కాదు, పాత చర్మం విడుస్తోంది. వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. పంపు నీటి ధారను పక్క నుంచి తగిలేలా తిప్పితే పొర ఊడిపోతుంది. మూడు వారాలు దాటినా తెరుచుకోకుండా, గోధుమ రంగు మెత్తటి మచ్చ పడి వాసన వస్తే అది కుళ్ళు. మచ్చ చుట్టూ సెంటీమీటరు ఆరోగ్యంగా ఉన్న కండతో కలిపి కొత్త బ్లేడుతో కోసేయాలి. జీనియా అనే సాఫ్ట్ కోరల్ ఒక్క రాత్రిలో కరిగిపోతే మొదట మీటర్ తీయాలి. అది సెలినిటీ, ఆల్కలినిటీ (నీటి క్షారత) ఊగడాన్ని అందరికంటే ముందు చెబుతుంది. జోయాంథస్ (చిన్న పూల గుత్తిలా ఉండే జోయాలు) మూసుకుపోతే మీటర్ కన్నా ముందు టార్చి: లైట్లు ఆరిన గంట తర్వాత చూస్తే వాటిని తినే నూడిబ్రాంకులు (చిన్న సముద్రపు నత్తల్లాంటివి) దొరకవచ్చు. జోయాలను పట్టుకునేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పవు. కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఆ రాళ్ళను వేడినీళ్ళలో మరగబెట్టడం, గట్టి బ్రష్‌తో తోమడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

వేసవిలో ఎక్కువ ట్యాంకులను దెబ్బతీసేది ఫ్యాను. నీళ్ళను చల్లబరిచే చిల్లర్ కొనలేక నీళ్ళ మీదికి ఫ్యాను పెడతాం, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, దాంతోపాటు రోజుకు మూడు లీటర్లు ఆవిరవుతాయి. 100 లీటర్లలో మూడు పోతే 35 కాస్తా 36 అవుతుంది, ఐదు పోతే 36.8. ఆవిరైన దాని స్థానంలో పోయాల్సింది మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు కాదు. కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే. 38కి ఎక్కితే రోజుకు ఒక్క పీపీటీనే దించాలి: 2.6 లీటర్లు తీసి అంతే ఆర్వో నీళ్ళు పోస్తే సరిగ్గా ఆ ఒక్కటి దిగుతుంది. 33కు పడిపోయి ఉంటే, ఆవిరైన మూడు లీటర్ల బదులు 35 పీపీటీ నీళ్ళు పోయండి, రోజుకు ఒకటి పెరుగుతుంది.

పోసే ఆర్వో నీళ్ళనూ అనుమానించాలి. తాగే ఆర్వో మిషన్లలో రుచి కోసం బోరు నీళ్ళు కొంచెం కలిపే వాల్వు ఉంటుంది. బయటికొచ్చే నీళ్ళు 80 టీడీఎస్ (లీటరులో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) అనుకుంటే, రోజుకు మూడు లీటర్ల లెక్కన నెలకు ఏడు గ్రాములకు పైగా బోరు లవణాలు ట్యాంకులో చేరతాయి. కనిగిరి వైపు బోర్ల ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పాలా. ఆ వాల్వు పూర్తిగా మూయించి, చివర్లో మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం కట్టి, టీడీఎస్ సున్నా చూశాకే పోయాలి.

మైపాడు బీచి నుంచి క్యాన్లలో నీళ్ళు తెచ్చి పోద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు తీరం దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది. అలాంటప్పుడు కొలవకుండా పోస్తే అంతే. రొయ్యపిల్లల హ్యాచరీ నీళ్ళయితే బ్లీచింగ్ వేశారేమో అడిగి, క్లోరిన్ కిట్‌తో సున్నా చూసుకోవాలి.

మీటర్ చెప్పలేనివి కూడా ఉన్నాయి. సెలినిటీ 35, వేడి 26, అయినా పగడం పాలిపోయి కుంచించుకుపోతోందంటే నైట్రేట్ చూడండి. సున్నా ఉంటే నీళ్ళు మరీ శుభ్రమైపోయాయి. సాఫ్ట్ కోరల్స్‌కు 5 నుంచి 15 పీపీఎం ఉంటేనే బాగుంటుంది, మేత కాస్త పెంచాలి. ఆల్కలినిటీకి చెరువుల ల్యాబ్ చాలు. వాళ్ళు పీపీఎంలో రాసిస్తారు, 17.9తో భాగిస్తే రీఫ్ ట్యాంకుల వాళ్ళు వాడే డీకేహెచ్ లెక్క వస్తుంది. 150 అంటే 8.4, బాగున్నట్టే. ఫాస్ఫేట్‌కు మాత్రం చెరువు కిట్ పనికిరాదు, మనకు కావాల్సిన 0.03, 0.1 తేడా దాంట్లో కనిపించదు. లెదర్ పక్కన వేరే పగడాలు ముడుచుకుంటుంటే అది నీళ్ళలోకి వదిలే విషమే కావచ్చు. 40 లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున యాక్టివేటెడ్ కార్బన్ వేసి మూడు వారాలకోసారి మార్చాలి.

మూడేళ్ళలో మీటర్ ఇచ్చిన ఇబ్బంది ఒకటే: కళ్ళు పెట్టే చోట రబ్బరు వదులై, లోపల పొగమంచులా తేమ పట్టింది. బియ్యం డబ్బాలో రెండు రోజులు పెడితే ఒకసారి పోయింది. మళ్ళీ పట్టిందంటే రిపేరు వెతక్కండి, అదే షాపులో ఇంకోటి కొనేసి 35 దగ్గర సెట్ చేసుకోండి.