బ్లూమింగ్టన్-నార్మలా, బెంటన్‌విల్లా: ఏది మేలు?

అమెరికాలో మహానగరం వద్దనుకుని చిన్న ఊరిలో ఉద్యోగం చూసుకునే తెలుగు కుటుంబాల మాటల్లో ఈ రెండు పేర్లూ తరచుగా వినిపిస్తాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్-నార్మల్ జంట పట్టణాలకు 1922లో పుట్టిన స్టేట్ ఫార్మ్ బీమా సంస్థ ఆధారమైతే, ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలనున్న బెంటన్‌విల్‌కు వాల్‌మార్ట్ ఆధారం.

నేల తీరులోనే తేడా మొదలవుతుంది. బ్లూమింగ్టన్ పొలిమేర దాటితే కనుచూపు మేరా మొక్కజొన్న, సోయా చేలే. గాలికి అడ్డుపడే గుట్ట ఒక్కటీ లేనందువల్ల జనవరిలో చలి ఎముకలను కొరుకుతుంది. బెంటన్‌విల్ ఓజార్క్ కొండల్లో ఉంది. చలి కొంత తక్కువ, సైకిలు బాటలు ఎక్కువ, బీవర్ జలాశయం దగ్గర. ప్రకృతి ఒక్కటే కొలమానమైతే ఇక పోల్చవలసిన పని లేదు.

అయితే ఇటువంటి ఊరిని ఎంచుకునేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఉన్న ఉద్యోగం పోతే, ఇల్లు మారకుండా మరొకటి దొరుకుతుందా? స్టేట్ ఫార్మ్ గత దశాబ్దంలో డాలస్, ఫీనిక్స్, అట్లాంటా ప్రాంతాల్లో పెద్ద కార్యాలయాలు తెరిచి కొన్ని ఉద్యోగాలను అటు మళ్ళించినప్పుడు, బ్లూమింగ్టన్‌లో ఇల్లు కొనుక్కున్నవారికి ఈ ప్రశ్న ఊహగా మిగలలేదు. మిత్సుబిషి మూసివేసిన కార్ల కర్మాగారంలోనే తర్వాత రివియన్ విద్యుత్ వాహనాలు తయారుచేయడం ఊరికి ఊపిరి పోసిన మాట నిజమే కాని, బీమా సాఫ్ట్‌వేర్‌లో పండిన మనిషికి అక్కడ తగిన కుర్చీ దొరకడం అంత తేలిక కాదు. అటు బెంటన్‌విల్ చుట్టుపక్కల వాల్‌మార్ట్‌కు సరుకు అమ్మే కంపెనీల కార్యాలయాలు వందల్లో ఉన్నాయి. స్ప్రింగ్‌డేల్‌లో టైసన్ ఫుడ్స్, లోవెల్‌లో జె.బి. హంట్ రవాణా సంస్థ ఉన్నాయి. 2020 జనగణన నాటికే ఆ ప్రాంత జనాభా 5.4 లక్షలు దాటగా, బ్లూమింగ్టన్-నార్మల్ ఉన్న మెక్‌లీన్ కౌంటీలో 1.71 లక్షల మందే ఉన్నారు. ఆస్తి పన్ను కూడా ఇల్లినాయ్‌లోనే బరువు. వీసా గడువు నెత్తిన వేలాడే భార్యాభర్తలకు నేను బెంటన్‌విల్‌నే సూచిస్తాను.

ఆరు నెలలు ఉండిపోదామని తల్లిదండ్రులు వచ్చే ఇంట్లో మాత్రం నా తీర్పు మారుతుంది. బెంటన్‌విల్‌లో 2011 నుండి ఉచితంగా చూడగల క్రిస్టల్ బ్రిడ్జెస్ చిత్రశాల ఎంత గొప్పదైనా, అక్కడ ప్రయాణికుల రైలు లేదు, కారు నడపలేని పెద్దవారికి కాలు కదపడం కష్టం. నార్మల్ నడిబొడ్డున (ఆ పేరు ఊరి స్వభావాన్ని బట్టి కాక, అప్పట్లో ‘నార్మల్ స్కూల్’ అని పిలిచే ఉపాధ్యాయ శిక్షణ కళాశాల 1857లో అక్కడ వెలసినందువల్ల వచ్చింది) రైల్వే స్టేషను ఎదుట గుండ్రని పచ్చిక మైదానం, దాని చుట్టూ సన్నని నీటి కాలువ ఉన్నాయి. వీధుల్లో పడిన వాన నీటినే నేల కింద తొట్టెలో పట్టి, మొక్కల మళ్ళలో వడగట్టి ఆ కాలువలోకి వదులుతారు. గట్టున కూర్చున్న పిల్లలు అందులో వేళ్ళు ముంచి ఆడుకుంటారు. పెద్దవారు అక్కడ కాసేపు కూర్చుని, చికాగో బండి ఎక్కితే రెండు గంటల పైచిలుకులో మహానగరంలో దిగవచ్చు. ఈ సౌఖ్యం ఏప్రిల్ నుండి అక్టోబరు దాకానే. తల్లిదండ్రుల టికెట్లు ఆ నెలలకు తీయాలి.