బ్యాంకు వేలంలో కొనడమా, వేలానికి ముందే ఓనర్ దగ్గర కొనడమా: ఏది మేలు?

మియాపూర్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో తలుపు పక్కన గోడకి బ్యాంకు నోటీసు అతికించి ఉంది. జిగురు ఎండిపోయి ఒక మూల లేచింది. ఈ ఆస్తిని మేం స్వాధీనం చేసుకున్నాం అని అందులో రాసుంది. లోపల కుక్కర్ విజిల్ వేసింది. గుమ్మం పక్కన పిల్లల స్కూల్ బూట్లు. నేనూ మా బాబాయీ ఒకరి మొహం ఒకరు చూసుకుని, బెల్ కొట్టకుండానే మెట్లు దిగేశాం. వేలంలో రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, 52 లక్షలు. అదే బ్లాకులో అలాంటి ఫ్లాట్ 65 పలుకుతోంది. 13 లక్షలు ఎందుకు తగ్గిందో ఆ విజిల్ చెప్పేసింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇలా బ్యాంకు ఇల్లు లాక్కోవడాన్ని ఫోర్‌క్లోజర్ అంటారు. బ్యాంకుని ఒప్పించి, బాకీ కన్నా తక్కువకే ఓనర్ తానే అమ్ముకుంటే షార్ట్ సేల్. (మన బ్యాంకులో ఎవరైనా ఫోర్‌క్లోజర్ లెటర్ అంటే హడలిపోకండి. గడువుకి ముందే లోన్ తీర్చేయడానికి ఎంత కట్టాలో రాసిచ్చే కాగితం అది.) షార్ట్ సేల్ అనే పేరు మన దగ్గర లేదు గానీ, వేలందాకా రానివ్వకుండా ఓనరే అమ్ముకోవడం ఉంది. అమ్మినా బాకీ పూర్తిగా తీరకపోతే వన్ టైమ్ సెటిల్‌మెంట్ అడగాలి, అంటే కొంత తగ్గించుకుని ఒకేసారి లెక్క ముగించమని. ఒప్పుకోవడం బ్యాంకు ఇష్టం. ఒప్పుకున్నా మన అప్పుల చరిత్ర చూపే సిబిల్‌ రికార్డులో 'సెటిల్డ్' అని పడుతుంది, తర్వాత కొత్త లోన్‌కి తిప్పలే.

ముందు వేలం సంగతి. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఇల్లు అమ్మగలదు. వేలం ప్రకటనలో అందరి కళ్లూ ధర మీదే ఉంటాయి. నేనైతే ముందు స్వాధీనం అనే మాట వెతుకుతాను. సింబాలిక్ పొసెషన్ అని ఉంటే కాగితం మీదే స్వాధీనం, లోపల కుటుంబం కాపురం ఉంటుంది. వాళ్లని ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. ఈలోపు ఓనర్ హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న డీఆర్‌టీకి (అప్పుల వసూలు కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లి కేసు వేస్తే, మీరు డబ్బు కట్టేసి ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఫిజికల్ పొసెషన్ అని ఉండి, తాళాలు బ్యాంకు చేతిలో ఉంటే అది వేరే కథ.

డబ్బు లెక్క ఇంకా కఠినం. ముందుగా ధరావతు కట్టాలి, సాధారణంగా రిజర్వు ధరలో 10 శాతం. పాట మీ పేరున ఖాయమైతే, దాంతో కలిపి 25 శాతం ఆ రోజో మర్నాటి పనిదినానికో కట్టేయాలి. మిగతా 75 శాతానికి 15 రోజులు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగింపు. హోమ్ లోన్ వస్తుందిలే అని పాట పాడి, లోన్ రాకపోతే కట్టిన 25 శాతం పోయినట్టే. అలా జప్తు చేయడం సరైనదేనని 2024లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. 52 లక్షల్లో 25 శాతం అంటే సరిగ్గా 13 లక్షలు. మిగులుతుందనుకున్నదీ అంతే.

పైగా 'ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే' అనే షరతు. పాత మెయింటెనెన్స్, ఇంటి పన్ను, కరెంటు బాకీ మీ నెత్తిన పడొచ్చు. చాలాసార్లు లోపల బాత్రూమ్ లీకవుతోందో లేదో కూడా చూడనివ్వరు. ఒక్క మంచి మాట చెప్పాలంటే, ఇక్కడ బ్లాకూ వైటూ గొడవ లేదు. ప్రతి రూపాయికీ రసీదు ఉంటుంది.

ఓనర్ దగ్గర కొంటే అంత చవగ్గా రాదు, మూడు నాలుగు లక్షలు తగ్గితే గొప్ప. కానీ ఇంట్లోకి వెళ్లి కుళాయిలు తిప్పి చూసుకోవచ్చు, మామూలు హోమ్ లోన్‌తోనే కొనుక్కోవచ్చు. తేడా కొట్టేది ఒక్కచోట: 60 రోజుల్లో బాకీ కట్టమనే డిమాండ్ నోటీసు వచ్చాక, బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇల్లు అమ్మకూడదని చట్టంలోనే ఉంది. కాబట్టి ఆ అనుమతి ఉత్తరం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. బాకీ సొమ్ము ఓనర్ చేతికి కాదు, నేరుగా లోన్ ఖాతాకి డీడీ తీయండి. "అన్నా, ముందు నాకో ఐదు లక్షలివ్వు, నేనే కట్టుకుంటా" అనే మాట వింటే జాలి పడండి, డబ్బు మాత్రం ఇవ్వకండి. తాకట్టు రద్దయినట్టు ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనబడాలి. బాకీ తీరాక 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి, ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు రూలు.

కాపురం ఉండటానికి కొనేవాళ్లకి నా ఓటు ఓనర్‌కే. చేతిలో మొత్తం నగదు ఉండి, తాళాలు బ్యాంకు దగ్గరే ఉంటేనే వేలం.

అమ్మేవాళ్ల వైపు నుంచి చూస్తే నాకసలు తూకమే అక్కర్లేదు, వేలానికి ముందే అమ్ముకోవడమే మేలు. 90 రోజులు కంతు ఆగితే మొండి బాకీ, ఆపైన 60 రోజుల నోటీసు. అంటే కనీసం ఐదు నెలలు చేతిలో ఉంటాయి. వేలం ప్రకటన వెలువడిన రోజుతో బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు పోతుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. వేలంలో వచ్చినదాంట్లో బాకీ, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలిందే ఓనర్‌కి. చాలకపోతే మిగతా అప్పు అలాగే ఉంటుంది.

మెట్ల కింద వాచ్‌మన్ ఒక మాట చెప్పాడు. ఆర్నెల్ల కిందట ఆ ఫ్లాట్‌కి 60కి ఒకాయన వచ్చాడట. ఓనర్ 68 దగ్గరే పట్టుబట్టాడట.

మొన్న బాబాయి అదే ఫ్లాట్ నోటీసు మళ్లీ వాట్సాప్‌లో పంపాడు. మొదటి వేలానికి ఎవరూ రాలేదు, రిజర్వు ధర 47కి దిగింది. "ఈసారి వేసేద్దామా?" అని అడిగాడు. ఫిజికల్ పొసెషన్ అని ఉందేమో చూడమన్నాను. కాసేపటికి జవాబొచ్చింది: "లేదురా, సింబాలిక్కే."