రెండు వేల ఆరువందలు పోయాక దొరికిన కొత్తవాడ

మా ఇంట్లో వాషింగ్ మెషిన్ కింద ఒక నీలం జంపఖానా, అంటే దర్రీ, ఉంది. దాని ధర 2,600 రూపాయలు. ఎందుకంత ఖరీదైనది అక్కడ వేశావని అడిగినవాళ్లకు వరంగల్ సంగతి చెప్పాల్సొస్తోంది.

నేను సూదులతో స్వెట్టర్లు, శాలువాలు అల్లుతాను. ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో ఫోన్‌లో చూసి చూసి విసుగొచ్చింది. వరంగల్ దర్రీల రంగులు నేరుగా చూద్దామని వదినను బతిమాలి ఉప్పల్‌లో హన్మకొండ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కించాను. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇచ్చారు. జనగామ దాకా నిలబడే ఉన్నాం. వదిన అలక అక్కడే మొదలైంది.

దిగగానే మెయిన్ రోడ్డు మీద ఒక షాపులోకి వెళ్లడం నా తప్పు. "చేత్తో నేసిందే మేడం, జీఐ ఉంది" అన్నాడు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చిన మాట నిజమే. నా చేతిలో పెట్టినదానికి వచ్చిందా అని మాత్రం నేను అడగలేదు. నాలుగు అడుగులకు ఆరు. 3,200 చెప్పి 2,600కి దిగాడు. తెల్లకాగితం మీద బిల్లు రాశాడు. "దుప్పటిలా పల్చగా ఉందేంటే?" అని వదిన గొణిగింది. బేరమాడి గెలిచానన్న మత్తులో నేను వినలేదు.

లాడ్జి 1,400. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకే అని ఏడుంపావుకు చెప్పారు. చాలు, దాని గురించి ఇంకేం రాయను.

మర్నాడు కొత్తవాడ, వరంగల్‌లో నేతగాళ్ల వాడ. ఆటోకు 80. షాపుల్లేని సందులోకి నడవండి, పంజా అనే దువ్వెనలాంటి పనిముట్టుతో పేకను (అడ్డదారాన్ని) కొట్టే చప్పుడే దారి చూపిస్తుంది. ఒక పెద్దాయన మగ్గం మీద పండుమిరప ఎరుపు, పసుపు పక్కపక్కన నేస్తున్నాడు. రెంటికీ నడుమ నలుపు ఒక్క వరస. ఆ వరస లేకపోతే రెండు రంగులూ కొట్టుకునేవి. ఆ తెలివి నాకు ఇన్నేళ్ల అల్లికలో తట్టలేదు.

ప్రతి రంగుకూ విడిగా చిన్న దారపు ఉండ. రంగు మారే చోట ఈ దారం ఆ దారాన్ని కొక్కెంలా పట్టుకుని వెనక్కి మళ్లుతుంది. స్వెట్టర్‌లోనూ అంతే, రెండు దారాలు మెలెయ్యకపోతే అక్కడ సందు పడి వేలు దూరుతుంది. ఆ మాట చెబితే పెద్దాయన నవ్వి, "మరి మీది గూడ నేతే గదమ్మా" అన్నాడు.

పొంగిపోయి నా నీలం జంపఖానా సంచిలోంచి తీశాను. తీయకుండా ఉండాల్సింది.

"ఎనుక దిక్కు తిప్పు బిడ్డా."

తిప్పాను. పూలన్నీ వెలిసిపోయినట్టున్నాయి.

"ఇది అచ్చు ఏసింది. అచ్చు ఏసుడు తప్పుగాదు, మా వాడల గూడ ఏస్తరు. నేసిన పువ్వని చెప్పి అమ్ముడే తప్పు. నేసిన పువ్వు రెండు దిక్కులా ఒక్కతీర్గ ఉంటది."

వాళ్లావిడ చాయ్ ఇచ్చింది. వదిన ఆ ట్రిప్‌లో మొదటిసారి నవ్వింది, నా మొహం చూసి. ఎరుపు-పసుపు దర్రీ, అదే కొలత, 1,900 చెప్పారు. వదిన బేరం కూడా ఆడకుండా తీసేసుకుంది. నా దగ్గర మిగిలింది 700. సాయంత్రం షాపుకెళ్తే, "అమ్మిన సరుకు వాపసు లేదు" అని గోడ మీది బోర్డు చూపించాడు. కొన్నరోజు అది కనిపించిందా అంటే కనిపించింది.

మూడోరోజు రామప్ప. ములుగు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో రానూపోనూ 600, వదిన ఇచ్చింది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, ఇవి అందరికీ తెలిసినవే. నేను చూసింది ఎర్రటి ఇసుకరాతి గుడికి చూరు కింద నిలబెట్టిన నల్లరాతి మదనికలను, అంటే నాట్యగత్తెల శిల్పాలను. మళ్లీ ఎరుపు, మళ్లీ నలుపు. ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. వదిన పది ఫొటోలు తీసింది.

వెళ్లేవాళ్లు ముందు కొత్తవాడకు వెళ్లండి, షాపులకు తర్వాత. ఏది కొన్నా తిప్పి చూడండి. ఎరుపు, పసుపు, మధ్యలో నల్ల వరసతో ఒక శాలువా మొదలుపెట్టాను. నూలుకు 640 అయింది. నిన్న వదిన ఫోన్ చేసి, "నీ శాలువా మా దర్రీకి భలే జోడీ, నాకే ఇచ్చెయ్" అంది.